విరిగిన కాలికి కుర్చీ డ్యూటీ

ముందే చెప్పేస్తున్నాను, తరవాత నన్ను అనుకోవద్దు. నేను కాస్త పెంచి చెబుతాను. ఈ 'కాస్త' అన్నది కూడా తగ్గించి చెప్పడమే. జంషెడ్‌పూర్ బర్మామైన్స్‌లో మా ఇంటి వంటగట్టు మీద బొద్దింక కనబడితే, నేను సందు చివర టీ కొట్టుకి చేరేసరికి అది తాబేలవుతుంది. కార్ఖానా గేటు దాటేసరికి దానికి కొమ్ములొస్తాయి. మా ఆవిడ ఆదిలక్ష్మి నా మాటల్ని బియ్యం చెరిగినట్టు చెరిగి, పొట్టంతా ఎగరగొట్టి, మిగిలిన నాలుగు గింజలూ నమ్ముతుంది. మీరూ అలాగే చదవండి.

ఇప్పుడు జనవరి. గుమ్మం ముందు ఎండలో, ఎడమకాలు పీట మీద పెట్టుకుని రాస్తున్నాను. కాలు నాదే, నడుస్తోంది కూడా. అది నాది కాకుండా పోతుందేమోనని బెంగపడ్డ నెలలు కొన్ని ఉన్నాయి. వాటి గురించి రాస్తే గుండె కుదుటపడుతుందని ఏ డాక్టరూ చెప్పలేదు, నేనే అనుకున్నాను. కార్ఖానాలు నడిపేవాళ్లెవరైనా చదివితే మరీ మంచిది. నా కాలు ఇంకెవరికైనా పనికొస్తే దానికీ గౌరవమే.

*జూన్*

ఆ రోజు ఎండ ఎంతంటే, మా గేటు దగ్గర వీధికుక్క తన నీడలో తనే పడుకుంది.

మా కార్ఖానా ఖర్కాయి నదికి అవతల ఉంది. లారీల ఇరుసుల మీద తొడిగే ఇనప హౌసింగులు తయారుచేస్తాం. నేను ఫిట్టర్ని. నా పేరు సింహాచలం. ఇంటిపేరులోనూ ఒంటిపేరులోనూ ఎక్కడా రావు లేదు. అయినా జంషెడ్‌పూర్‌లో తెలుగువాడు కనబడితే అందరికీ రావ్‌జీయే. ఆ పిలుపుకి పలికీ పలికీ, నా అసలు పేరు ఎవరైనా పిలిస్తే వెనక్కి తిరిగి సింహాచలం ఎవడా అని నేనే వెతుకుతాను.

గేటు లోపల పెద్ద ఆకుపచ్చ బోర్డు ఉండేది. 'ప్రమాదం లేని రోజులు' అని హిందీలో రాసి, కింద కొక్కేలకి అంకెల రేకులు తగిలించేవారు. పొద్దున్నే వాచ్‌మన్ కర్రతో నిన్నటి అంకె దించి ఇవాళ్టిది ఎక్కించేవాడు. గుళ్లో పూజారి కూడా హారతి అంత భక్తిగా ఇవ్వడు. సెప్టెంబరులో విశ్వకర్మ పూజకి ఆ బోర్డుకి ఏడాది నిండుతుంది. నిండితే మా అందరికీ తలో ప్రెషర్ కుక్కరు బహుమతి. కుక్కర్లు ముందే వచ్చేసి స్టోరు గదిలో ఉన్నాయి. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక మేం వెళ్లి, పెళ్లికూతుర్ని చూసినట్టు, కిటికీలోంచి వాటిని చూసొచ్చేవాళ్లం.

ఇక చైన్ కుప్పీ. పైన దూలానికి వేలాడే గొలుసు యంత్రం అది. గొలుసు లాగితే నలుగురు మోయలేని బరువు పైకి లేస్తుంది, వదిలేస్తే లేచినచోటే ఆగుతుంది. అలా ఆగడం ఒక్కటే కుప్పీకి ఉండాల్సిన గుణం. మా కుప్పీకి కొన్నాళ్లుగా ఆ గుణం సన్నగిల్లింది. బరువుని పట్టుకున్నట్టే పట్టుకుని బెత్తెడు జారేది. లోపల చక్రం పళ్లు అరిగాయని, మేం దానికి 'బుడ్ఢా', అంటే ముసలాడు, అని పేరు పెట్టుకుని నవ్వుకున్నాం. పైకి చెప్పింది ఎవరూ లేరు. బోర్డు బాగుంది, కుక్కర్లు వచ్చాయి, ముసలాయన పళ్ల సంగతి ఇప్పుడెందుకని.

ఆ మధ్యాహ్నం అది బెత్తెడుతో ఆగలేదు. ఏనుగంత హౌసింగు నా ఎడమ పాదం మీద కూర్చుంది. సరే, దూడంత. బూటు ముందున్న ఇనప టోపీ నా వేళ్లని కాపాడింది. బరువు పడింది సరిగ్గా దాని వెనక. మొదట ఆ పాదం వేరెవరిదో అనిపించింది. తరవాత నాదేనని తెలిసింది. చాలా గట్టిగా తెలిసింది.

నా పక్కన పనిచేసే సోమ్రా నన్ను ఎత్తుకుని బయటికి పరిగెత్తాడు. ఘాట్‌శిలా దాపున ఉన్న పల్లెవాడు, పొట్టివాడు, మాట పొదుపు. "రావ్‌జీ, ఇధర్ దేఖో, కాలు చూడకు" అన్నాడు. ఒక వారానికి సరిపడా మాట అది అతనికి.

మా మేనేజరు మూర్తిగారు తన సొంత కారు తెచ్చారు. గోల్‌మురిలో ఉండే తెలుగు ఇంజినీరు, చెడ్డవాడు కాదు. తన జేబురుమాలు తడిపి నా నుదుటి మీద వేశారు. కారు వంతెన మీదకి రాగానే గొంతు తగ్గించారు.

"సింహాచలం, ఖర్చు గురించి నువ్వు ఆలోచించకు, అంతా కంపెనీదే. ఒక్కటే మాట. డాక్టరు అడిగితే ఇంట్లో జారిపడ్డానని చెప్పు. బాత్‌రూమ్‌లో. సరుకు కొనేవాళ్లు వచ్చి మొదట చూసేది మన బోర్డే. అది సున్నా అయిందంటే ఆర్డరు పోతుంది. ఆర్డరు పోతే..."

"కుక్కర్లు పోతాయి" అన్నాను నేను.

పాదం పచ్చడైనప్పుడు కూడా మనిషికి కుక్కరు గుర్తొస్తుందని ఆ వంతెన మీదే తెలిసింది.

మేం కార్మికుల బీమా ఆసుపత్రికి పోలేదు. అక్కడ ఎలా తగిలిందని కంపెనీని కూడా అడుగుతారు. ఒక ప్రైవేటు నర్సింగ్‌హోమ్‌కి పోయాం. డాక్టరమ్మతో బాత్‌రూమ్ అన్నాను. కానీ వట్టి బాత్‌రూమ్ నాకు చప్పగా అనిపించింది. రెండు బకెట్లూ ఒక బల్లీ చేర్చాను. బయట బెంచీ మీద కాలు చాపుకుని ఉన్నప్పుడు పక్కాయన అడిగితే, బర్మామైన్స్ సందులో ఎద్దు తరిమిందన్నాను. టీ తెచ్చినతనికి చెట్టెక్కి కొబ్బరికాయతో సహా దిగానని చెప్పాను. అబద్ధం ఆడమంటే ఒక్కటి ఆడి ఊరుకునే నిగ్రహం నాకు ఏ జన్మలోనూ లేదు.

ఈలోగా మా ఇంటికి ఎవరూ ఫోన్ చెయ్యలేదు. కట్టు కట్టిన కాలితో నన్ను కారులోంచి దింపుతుంటే చూసింది ఆదిలక్ష్మి. తనకి నేను వరసకి మేనమావని.

"ఓలమ్మో! ఏటైంది మావా? కాలికి ఆ సున్నం ఏటి?"

"బాత్రూంలో జారేను."

"ఏ బాత్రూం? పొద్దున్న మనింట్లో తానం సేసి, రెండు కాళ్లతోటీ నడిసెల్లినావు కదేటి!"

మూర్తిగారు ఆకాశంలోకి చూశారు. మబ్బు లేదు. అయినా చూశారు. కాలేజీలో చదువుతున్న మా అమ్మాయి పావని గుమ్మంలో నిలబడి, "పాపా, ఝూఠ్ భీ ఢంగ్ సే బోలో" అంది. అబద్ధమైనా కాస్త ఒద్దికగా ఆడమని దాని సలహా. మేం తెలుగులో అడిగితే అది హిందీలో జవాబిస్తుంది. ఏ భాషలో చెప్పినా మొట్టికాయ ఒకటే.

*జూలై*

పాదం గుండెకన్నా ఎత్తులో పెట్టుకుని, మంచం దిగకుండా ఉండమంది డాక్టరమ్మ. నేను రెండు తలగడలు అమర్చుకుని, అనారోగ్యాన్ని శేషతల్పం మీద విష్ణుమూర్తిలా అనుభవిద్దామని సిద్ధపడ్డాను. ఒకటి రెండు రోజులు అనుభవించాను కూడా. తరవాత పొద్దున్నే కంపెనీ వ్యాను మా సందులోకి వెనక్కి వెనక్కి వచ్చింది.

మూర్తిగారి లెక్క ఇది. మనిషి గేటులోకి వస్తే హాజరు. హాజరైతే సెలవు లేదు. సెలవు లేకపోతే దెబ్బే లేదు. ఇది మా ఒక్కళ్ల కనిపెట్టుడు కాదట, చాలాచోట్ల ఉన్న పద్ధతేనట. మావాళ్లు దీనికి 'కుర్చీ డ్యూటీ' అని పేరు పెట్టారు.

ఇద్దరు నన్ను వ్యాను ఎక్కించేవారు, ఇద్దరు దింపేవారు. నీలం రంగు ప్లాస్టిక్ కుర్చీ ఒకటి కుప్పీకి ఎదురుగా, ఫ్యాను కింద వేశారు. దాని వీపు మీద ఎవరో సుద్దతో 'రావ్‌జీ' అని రాశారు. పొద్దుట నుంచి సాయంత్రం దాకా అక్కడ కూర్చోవడమే నా పని. టీ వచ్చేది, పాన్ వచ్చేది, పూర్తి జీతం వచ్చేది. మొదటి వారం మొగలు దర్బారులో ఉన్నట్టే ఉంది.

సరుకు కొనేవాళ్లు చూడ్డానికి వచ్చిన రోజు మాత్రం దర్బారు మారేది. నన్ను కుర్చీతో సహా ఎత్తి స్టోరు గదిలో కుక్కర్ల మధ్య దాచేవారు. అట్టపెట్టెల మీద నవ్వుతున్న ఆడవాళ్ల బొమ్మలు, వాళ్ల మధ్య కట్టుకాలితో నేను. బయట మూర్తిగారు ఆ అంకె చూపించి ఇంగ్లీషులో గొప్పలు చెబుతుంటే లోపల నాకు తుమ్ము వచ్చేది. ఆపుకున్నాను. ఆ తుమ్మును ఆపడంలో పడ్డ కష్టం కాలు విరిగినప్పుడు పడలేదు.

కాలు మాత్రం నా కబుర్లకి నవ్వడం మానేసింది. రోజంతా కిందికి వేలాడేసరికి సాయంత్రానికి కట్టులోపల పనసకాయలా ఉబ్బేది. వేళ్లు వంకాయ రంగుకి తిరిగేవి. ఆదిలక్ష్మి నూనెరాసిన వేలితో ఒక్కొక్క వేలూ తాకి, "తెలత్తందా? ఇది తెలత్తందా?" అని అడిగేది. నేను అన్నిటికీ తెలుస్తోందనేవాణ్ని. చిటికెనవేలు తెలిసేది కాదు.

ఒక ఆదివారం ఆమె బద్దలైంది.

"కుక్కరు కోసం కాలు ఉడకెడతన్నావా మావా? రానీ ఆ కుక్కరు. మొట్టమొదట అందులో నీ కాలే ఎడతాను, నాలుగు కూతలు కుయ్యనిత్తాను."

"నా ఒక్కడి కుక్కరు కాదే. అందరిదీను."

"అందరి కుక్కరూ నీ కాలి మీదే ఎక్కించీసినారా? అది కాలా, పొయ్యా?"

ఆ తరవాత చాలా రోజులు ఆమె నాతో మాట్లాడడం మానేసింది. అన్నం పెట్టేది, కాలు తుడిచేది, మాట్లాడేది కాదు. పావని ఇద్దరి మధ్యా హిందీలో రాయబారాలు నడిపింది. ఆ ఇంట్లో మౌనం ఎంత బరువంటే... ఇక్కడ మాత్రం పెంచి చెప్పడానికి నాకు ఏమీ తోచడం లేదు. నిజంగా బరువుగానే ఉండేది.

*ఆగస్టు*

నర్సింగ్‌హోమ్‌లో వంతు కోసం కూర్చున్నప్పుడు పక్కనున్న ముసలాయన తన చేతిసంచీ నా మడమ కింద పెట్టాడు. "ఎత్తులో ఉండాలి బాబూ, మాకు చెప్పారు" అన్నాడు. సంచీలో ఆయన బట్టలు, ఒక ఇడ్లీ డబ్బా ఉన్నాయి. ఆ రోజంతటిలో నా కాలు ఉండాల్సిన ఎత్తులో ఉన్నది ఆ కాసేపే.

డాక్టరమ్మ ఎక్స్‌రే ఫోటో వెలుతురుకి పెట్టి చూసి, నావైపు చూసింది.

"ఎముక అతకలేదు. కాలు వేలాడేసి కూర్చుంటున్నారా?"

"లేదమ్మా. మంచం దిగితే ఒట్టు."

వారాలుగా మాట్లాడని ఆదిలక్ష్మి అప్పుడు నోరు తెరిచింది. "అబద్దం. రోజూ పొద్దున్న బండొచ్చి ఎత్తుకుపోతంది."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "ఇంకో నెల ఇలాగే అయితే కోసి కడ్డీలు వెయ్యాలి. అప్పుడు కూడా నిలబడి చేసే పని మళ్లీ చేస్తారని నేను మాట ఇవ్వలేను."

ఫిట్టరన్నవాడు నిలబడే బతకాలి. కూర్చుని చేసే విద్య నాకు ఒక్కటే వచ్చు, అది కోతలు కొయ్యడం. దానికి జంషెడ్‌పూర్‌లో ఎవరూ జీతం ఇవ్వరు. ఆటోలో వస్తుంటే సాక్చీ బజారు దగ్గర జనం నడుస్తున్నారు. వట్టిగా, దేనికీ కాదు, అలా నడిచిపోతున్నారు. ఒకడు రోడ్డు మీద డబ్బాని కాలితో తన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఆదిలక్ష్మి చూసి, కొంగుతో నా ముఖం తుడిచి, "ఒల్లకో, ఏడకు" అంది.

మర్నాడు వ్యానుతోపాటు మూర్తిగారు కూడా వచ్చారు, యాపిల్ పళ్ల సంచీతో. ఆదిలక్ష్మి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"బాబూ, ఒక్క మాట అడుగుతాను. మీ కాలైతే ఇలాగే కూకోబెడతారేటి?"

ఆయన పళ్ల సంచీ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నారు. "ఇంక పూజ దాకానే అమ్మా. అది అయిపోతే సింహాచలాన్ని నేనే ఇంట్లో పడుకోబెడతాను."

"అందాకా ఎముక ఆగుతుందా? దానికి మీ పూజ తెల్దు కదా!"

నిజం చెబితే ఇక్కడ నేను 'రాను' అనాలి. అనలేదు. అందరూ ఇళ్లల్లో కుక్కరు గురించి చెప్పేసుకున్నారు, ఆర్డరు పోతే ఎవరి ఉద్యోగం ఊడుతుందో తెలియదు. పైగా ఇప్పుడు కుప్పీ అని చెప్పినా నమ్మేదెవరు? బాత్‌రూమ్ ఉంది, ఎద్దు ఉంది, కొబ్బరిచెట్టు ఉంది. నా నిజం వాటి వెనక వరసలో నాలుగోది. వ్యాను ఎక్కాను.

*సెప్టెంబరు*

జంషెడ్‌పూర్‌లో విశ్వకర్మ పూజ అంటే యంత్రాల పెళ్లి. ముందురోజే పని ఆపి, లేతుల్నీ డ్రిల్లుల్నీ కడిగి, బొట్లు పెట్టి బంతిపూల దండలు వేస్తాం. మా బుడ్ఢా కుప్పీకి కొత్తగా పసుపు రంగు వేశారు. లోపల పళ్లు బాగుచెయ్యలేదు, పైన రంగు వేశారు. కొక్కేనికి దండ కూడా వేసేసరికి అది ముసలి పెళ్లికొడుకులా ఉంది.

దేవుడి విగ్రహం పెట్టడానికి చోటు చాలక, మధ్యలో ఉన్న హౌసింగొకటి పక్కకి జరపాల్సి వచ్చింది. కుప్పీకి తగిలించారు. సోమ్రా గొలుసు లాగాడు. మా మాలిక్ కూడా అక్కడే ఉన్నారు. ఒక్క లేతు మిషనుతో మొదలెట్టి ఇంత కార్ఖానా కట్టిన పెద్దమనిషి, పందిరి ఎటు కట్టాలో చూపిస్తున్నారు. నేను నా కుర్చీలో ఉన్నాను. కుప్పీకి ఎదురుగా కూర్చోబెట్టడం వల్ల కంపెనీకి కలిగిన లాభం ఇదొక్కటే. దాన్ని రోజంతా చూసేవాణ్ని నేనొక్కణ్నే.

గొలుసులో ఆ కిర్రుమనే చప్పుడు విన్నాను. జూన్‌లో విన్నదే. "సోమ్రా! పావ్!" అని అరిచాను. సోమ్రా కాలు లాగేసుకున్నాడు. హౌసింగు బంతిపూలతో సహా కిందికొచ్చి, అతని పాదం ఉన్నచోట సిమెంటుని పగలగొట్టింది.

అందరూ చుట్టూ మూగారు.

అప్పుడు నేను లేచి నిలబడ్డాను. ఒంటికాలి మీద, చంకకర్ర జెండాలా పైకెత్తి, గంగాప్రవాహంలా మాట్లాడాను. పైన దూలం మీది పావురాలు కూడా కువకువలు మాని విన్నాయి.

"మాలిక్! మూర్తిగారూ! సోదరులారా! నా కాలు ఏ బాత్‌రూమ్‌లోనూ విరగలేదు. ఈ కుప్పీ కింద విరిగింది. ఆ రోజే ఉన్నది ఉన్నట్టు చెప్పనిచ్చి ఉంటే, దీన్ని ఆ రోజే దించి బాగుచేసేవారు. ఇవాళ సోమ్రా కాలు దీని నోటిముందుకి వచ్చేది కాదు. దెబ్బ దాస్తే మనిషికి మానదు, యంత్రానికీ మానదు!

"ఇకమీద ఎవరికైనా తగిలితే ముందు పని ఆపండి. మా బీమా ఆసుపత్రి మాకుంది, అక్కడికే తీసుకెళ్లండి. ఒకరు తోడు ఉండండి. ఇంటికి తెలిసిన గొంతుతో ఫోన్ చెయ్యండి, లేకపోతే ఆడమనిషి సున్నపుకాలు చూసి ప్రాణం మీదకి తెచ్చుకుంటుంది. తగిలినవాడికి చట్టప్రకారం ఏమేం వస్తాయో వాడు అడక్కముందే చెప్పండి. కాలు విరిగినవాడు ఆఫీసుల మెట్లెక్కి అడగలేడు, పైగా అడిగితే ఉద్యోగం పోతుందని భయపడతాడు. డాక్టరు పడుకోమంటే పడుకోనివ్వండి. చూడాలనిపిస్తే ఇంటికి రండి, మంచం పక్కన కూర్చోండి, యాపిల్స్ తెచ్చినా తప్పులేదు. వాడు తిరిగొచ్చినప్పుడు చేతకాని పని పెట్టకండి, ఉత్త కుర్చీ కూడా పెట్టకండి. చేతనైన నిజమైన పని ఇవ్వండి.

"బహుమతి ఇస్తామంటారా? జారుతోందని ముందే చెప్పినవాడికి ఇవ్వండి. ప్రమాదం లేని రోజులకి కుక్కరిస్తే మేం ప్రమాదాన్ని దాస్తాం. దాచాం. నన్నే కుక్కర్ల మధ్య దాచారు!"

మాలిక్ పగిలిన సిమెంటు చూశారు. నా కాలు చూశారు. మూర్తిగారివైపు తిరిగి, "బాత్‌రూమ్ అన్నావు కదయ్యా" అన్నారు.

మూర్తిగారి ముఖం బంతిపువ్వుకన్నా పాలిపోయింది. కానీ ఆయన తప్పించుకోలేదు. "నేనే అలా చెప్పమన్నాను సార్. ఆర్డరు పోతుందని భయపడ్డాను" అన్నారు. అందుకే ఆయన చెడ్డవాడు కాదని మొదట్లోనే రాశాను.

మాలిక్ వంగి, కిందపడ్డ కొక్కేన్ని చేత్తో కదిపి చూశారు. తరవాత కుప్పీ మెడలో దండ తనే తీసి, దాన్ని దించెయ్యమన్నారు. వాచ్‌మన్‌ని పిలిచి బోర్డు మీద సున్నా తగిలించమన్నారు. వాచ్‌మన్ దగ్గర సున్నా రేకు తుప్పుపట్టి ఉంది. వెతికి తెచ్చేసరికి పొద్దు కుంగింది.

మర్నాడు పూజలో బూందీ ప్రసాదం అందరూ ఆముదంలా మింగారు. ఒకాయన నా దగ్గరికొచ్చి, "రావ్‌జీ, మా ఆవిడ పాత కుక్కరు వాళ్ల చెల్లెలికి ఇచ్చేసింది. ఇప్పుడు ఏ ముఖంతో ఇంటికి పోను?" అన్నాడు. తిట్టాడో, ఏడ్చాడో తెలీలేదు. సోమ్రా మాత్రం నా పళ్లెంలో తన బూందీ కూడా వేసి వెళ్లాడు.

*అక్టోబరు, ఆ తరవాత*

అప్పట్నుంచి నేను మంచం మీదే. మూడు తలగడలు. ఆదిలక్ష్మి మళ్లీ మాట్లాడింది, పాత బకాయిలన్నీ కలిపి మాట్లాడింది. ఆ తిట్లు వింటుంటే చెవుల్లో నాదస్వరం వాయించినట్టు ఉండేది.

ప్రమాదం జరిగిందని కంపెనీ ఆలస్యంగానైనా బీమా ఆఫీసుకి తెలియజేసింది. అసలు చిక్కు అక్కడొచ్చింది. నర్సింగ్‌హోమ్ కాగితంలో బాత్‌రూమ్ ఉంది. ఊళ్లో విచారిస్తే ఎద్దు బయటపడింది. ఆఫీసరు కళ్లజోడు పైకి తోసి, "మీ కాలు మొత్తం ఎన్నిచోట్ల విరిగిందండీ?" అని అడిగాడు. జీవితంలో మొదటిసారి నాకు ఒక్క కథా చెప్పాలనిపించలేదు.

నా పక్కన బెంచీ మీద మాలిక్ కూర్చుని ఉన్నారు. పొద్దున్నే వచ్చారు, మధ్యాహ్నం దాకా కదల్లేదు. ఆ బెంచీల నిండా జనం. వేలు పోయినవాళ్లు, చెయ్యి కాలినవాళ్లు, చాలామంది ఒంటరిగా వచ్చినవాళ్లు. యజమానిని వెంటబెట్టుకొచ్చినవాణ్ని నేనొక్కణ్నే. వాళ్లంతా నన్ను పెళ్లిపల్లకీలో వచ్చినవాణ్ని చూసినట్టు చూశారు. చేతికి కట్టుతో ఉన్న ఒకావిడ, "ఆయన మీ చుట్టమా?" అని అడిగింది. మా మాలిక్ అన్నాను. ఆవిడ నమ్మలేదు. నేను నిజం చెప్పినప్పుడే ఇలా జరుగుతుంది.

"దెబ్బ మా దగ్గర తగిలింది. అబద్ధం మేం చెప్పించాం. ఆలస్యం మాది" అని మాలిక్ ఆఫీసరుతో అన్నారు. సోమ్రా సాక్ష్యం చెప్పాడు. కుక్కరు పోయిందని ఏడ్చినాయన కూడా వచ్చి చెప్పాడు. తిప్పారు, మళ్లీ తిప్పారు, చివరికి ఒప్పుకున్నారు. మంచం మీద ఉన్న రోజుల భత్యం నేరుగా ఇంటికి వచ్చింది. పాదానికి రావలసింది కూడా వచ్చింది. ఎంతని అడక్కండి, నేను చెబితే మీరు ఎలాగూ చెరుగుతారు.

ఆర్డరు ఏమైందంటారా? సున్నా చూసి కొనేవాళ్లు వచ్చి ఏం జరిగిందని అడిగారు. మూర్తిగారు కొత్త కుప్పీ చూపించి, పాతది ఎందుకు తీసేశామో చెప్పారు. వాళ్లు ముఖం చిట్లించారు, మళ్లీ వచ్చి చూస్తామన్నారు, చూశారు. ఆర్డరు ఉంది. అన్నిచోట్లా అలాగే జరుగుతుందని నేను హామీ ఇవ్వలేను.

దీపావళి వెళ్లాక వచ్చే ఛఠ్ పండగకి ముందు మాలిక్ కుక్కర్లు అందరికీ పంచేశారు. "కుక్కరుకీ కాలికీ సంబంధం లేదు. పట్టుకుపోండి" అన్నారు. మాది ఆదిలక్ష్మి ముద్దపప్పుతో ప్రారంభోత్సవం చేసింది. మొదటి కూతకి నేను మంచం మీంచి గజం ఎత్తు లేచాను. కాలు అక్కడికి బాగుపడిందని మాకు అలా తెలిసింది.

డిసెంబరులో డాక్టరమ్మ ఫోటో చూసి నవ్వింది. కొయ్యకుండానే అతికింది. కొంచెం వంకరగా అతికింది, చలికి సలుపుతుంది, కుంటు ఉంది. నిలబడగలను. మొదట కొన్నాళ్లు సగం పూటే రమ్మన్నారు. ఉత్తి కుర్చీ కాదు, పనే. కార్ఖానాలో ఉన్న ప్రతి గొలుసునీ కొక్కేన్నీ తడిమి చూసి, జారేదానికి ఎర్రగుడ్డ కట్టాలి. గుడ్డ ఉన్నదాన్ని మూర్తిగారు కూడా తాకరాదు. ఆ ఆకుపచ్చ బోర్డు మీద ఇప్పుడు అంకెలు లేవు. ఈ వారం ఏది జారుతోందో, ఎవరు చెప్పారో సుద్దతో రాస్తారు. నా పేరు రావ్‌జీ అనే రాస్తున్నారు. పోనీలెండి.

ఇక ఇందులో నేను కల్పించింది ఏదో చెప్పెయ్యాలి. వ్యాను నిజం. నీలం కుర్చీ నిజం. కుక్కర్ల మధ్య నన్ను దాచడం, మీరు నమ్మకపోయినా, నిజం. కల్పించింది ఆ ఉపన్యాసం. అది నేను మంచం మీద పడుకున్న ఆ నెలల్లో కట్టుకున్నది. అందులో ఉన్నదంతా ఇప్పుడు మనస్ఫూర్తిగా అంటాను. ఆ రోజు మాత్రం జెండా ఎత్తలేదు. కర్ర కింద పడిపోయింది, సోమ్రా వచ్చి చంకలో చెయ్యేసి పట్టుకున్నాడు. నేను పగిలిన సిమెంటు వైపు వేలు చూపించాను.

"ఇక్కడే..." అన్నాను. వేలు నా కట్టుకాలి వైపు తిప్పాను.

"రావ్‌జీ కాలు విరిగింది కూడా ఇక్కడే" అని సోమ్రా అన్నాడు.